చేటెడు తవుడుకు అమ్మిన బిడ్డ

ఎమ్మిగనూరు,
20 జనవరి 1955

నాయనా,

సుభద్ర నమస్కారాలు. నీ ఉత్తరం సోమవారం చేరింది. విప్పగానే నీ దవాఖానలో మందు సీసాల వాసన వచ్చింది. నువ్వే ఇంట్లో తిరుగుతున్నట్టు అనిపించి కాసేపు చదవకుండా అట్లే చేతిలో పట్టుకొని కూర్చున్నాను.

నువ్వు రాసినవన్నీ చేసినాను. తాగే నీళ్ళు తెర్లకాచి, గుడ్డలో వడగట్టి మూత పెడుతున్నాను. కిరసనాయిలు డబ్బా అటక మీదికి ఎక్కించినాను. నూలుకు రంగు వేసే గదికి నీ అల్లుడు గొళ్ళెం పెట్టించినాడు. ఇంట్లో తిరిగే బిడ్డే లేదు, గొళ్ళెం ఎవరికోసం అని అడగబోయి, ఆ మనిషి ముఖం చూసి ఊరుకొన్నాను.

బసన్న పక్కబట్టలు, చొక్కాలు కాల్చేయమన్నావు. కాల్చినాను. దీపావళి వెళ్ళినాక వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చినాము, వాడి బట్టలు మంటలో పెట్టినాము. ఏడాదిన్నర ఈ ఇల్లంతా వాడిదే. ఇప్పుడు వాడిదంటూ ఏమీ లేదు. కడుపులో ఉన్నది కదులుతూ ఉంది. కదిలినప్పుడల్లా సంతోషం కంటే ముందు భయం వచ్చి నిలబడుతుంది.

నా రాత చూసి నవ్వుకోకు. నాలుగో తరగతిలో నన్ను బడి మాన్పించింది నువ్వే. ఊళ్ళో కలరా వచ్చింది, బయటికి పోతే ప్రాణానికి ముప్పు అన్నావు. కలరా పోయింది. అమ్మా పోయింది. బడి మాత్రం మళ్ళీ రాలేదు. ప్రాణం దక్కింది కాబట్టి ఈ మాత్రం రాస్తున్నాను.

అన్నీ నువ్వే అడుగుతావు, నన్ను అడగనియ్యవు. నీ దగ్గు తగ్గిందా? పోయిన ఉగాదికి నువ్వు వచ్చినప్పుడు బసన్నను ఎదమీద పడుకోబెట్టుకొని దగ్గుతూనే ఉన్నావు. దగ్గినప్పుడల్లా నీ ఎద ఎగిరేది, వాడు కిలకిల నవ్వేవాడు. మళ్ళీ దగ్గు తాతా అన్నట్టు నీ మీసం పట్టుకొని లాగేవాడు. ఆ నవ్వు నాకు చెవుల్లో ఉండిపోయింది.

మందు తీసుకో. వేళకు తిను. ఇంతకంటే రాయడానికి చేయి రావడం లేదు.

నీ కూతురు
సుభద్ర

*

ఆదోని,
27 జనవరి 1955

అమ్మా సుభద్రా,

పొద్దుటి రోగులు వెళ్ళినాక, మందుల బల్ల మీదే కాగితం పెట్టుకొని రాస్తున్నాను. కాంపౌండరు సుంకప్ప పక్కనే మాత్రలు నూరుతున్నాడు, అక్షరాలు అదిరితే ఆ తప్పు వాడిది.

చెప్పినవన్నీ చేసినందుకు సంతోషం. లోకంలో సగం చావులు అజాగ్రత్త వల్ల వచ్చేవే. ఇంటివాళ్ళు కళ్ళ ముందు ఉన్నదాన్ని చూడరు. ఎక్కడో ఉన్న దేవుణ్ణీ దయ్యాన్నీ తిడతారు.

కళ్ళ ముందు ఉన్నది అన్నాను కాబట్టి చెబుతున్నాను. మీ పక్కింటి గఫూర్ సాబు వాకిట్లో విల్లు పట్టుకొని పొద్దంతా దూది ఏకుతాడు. ఆ నూగు గాలిలో తేలి మీ ఇంట్లోకి వస్తుంది. పసిబిడ్డ ఊపిరితిత్తులకు అంతకంటే విషం లేదు. బసన్న మంచం పట్టినప్పుడే ఈ మాట అన్నాను. మీరు మొహమాటపడి ఆయనతో చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పండి. విల్లు పెరట్లోకి మార్చుకొమ్మనండి, లేదా మీరే వేరే ఇల్లు చూసుకోండి. ఇరుగుపొరుగు మర్యాద బిడ్డ ప్రాణం కంటే పెద్దది కాదు.

కాన్పుకు నువ్వు ఆదోనికే రావాలి. అమ్మ లేకపోయినా నేనున్నాను. బిడ్డ పుట్టినాక కూడా రెండేళ్ళు నా కళ్ళ ముందే పెరగనీ. రోజూ నేనే చూసుకొంటాను, నా పక్కలోనే పడుకోబెట్టుకొంటాను. ఆ ఏర్పాటు మీద అల్లుడు ఈరన్నకు వేరుగా రాస్తున్నాను.

నా దగ్గు సంగతి విడిచిపెట్టు. పత్తి జిన్నింగు మిల్లుల మధ్య దవాఖాన పెట్టుకొన్నవాడు దగ్గక ఏం చేస్తాడు? ఇది నూగు దగ్గు. ఇన్నేళ్ళుగా ఊరందరి ఛాతీలూ వింటున్నవాడికి తన ఛాతీ సంగతి తెలియదా?

రోజుకు రెండుసార్లు పాలు తాగు. బరువులు ఎత్తకు.

మీ నాయన
మల్లికార్జునయ్య

*

ఎమ్మిగనూరు,
4 మే 1955

నాయనా,

ఆడబిడ్డ. పుట్టిందని తంతి ఇచ్చినారు కదా, తక్కిన సంగతులు నేను రాస్తున్నాను. నువ్వు కారు పంపుతానన్న దినానికి ముందే నొప్పులు వచ్చినాయి, అందుకే ఆదోనికి రాలేకపోయినాను. సారమ్మ నర్సు వచ్చింది. కత్తెర ఉడకబెట్టే బొడ్డు కోసింది. నువ్వు అడుగుతావని ముందుగానే రాస్తున్నాను.

ఇంకో సంగతి ఉంది. కోపం చేసుకోకుండా కూర్చొని చదువు.

బిడ్డను అమ్మేసినాను. లాలాబక్కకు.

నీకు ఈ పద్ధతి తెలియంది కాదు. ముందు బిడ్డ దక్కని ఇంట్లో, రెండో బిడ్డను కన్నవాళ్ళందరూ బతికిన తల్లికి అమ్ముతారు. మన వీధిలో అట్లాంటి తల్లి గఫూర్ మామ భార్య లాలాబక్కే. ఆమె కడుపున పుట్టిన ఒక్క బిడ్డ కూడా పోలేదు. పురుడు స్నానమైన దినం బిడ్డను చేటలో పడుకోబెట్టి గడప బయట పెట్టినాను. లాలాబక్క దోవన పోయే బేరగత్తె మాదిరి వచ్చి నిలబడి, "ఏమమ్మో, ఈ ఇంట్లో అమ్మేది ఏమన్నా ఉండాదా?" అని అరిచింది.

"ఒక పనికిమాలిన పిల్ల ఉండాది. కావాలంటే తీస్కపో," అన్నాను. అట్లాగే అనాలట.

"నల్లగుండాది, బక్కగుండాది. దీనికి చేటెడు తవుడు కంటే ఎక్కువ ఇయ్యను," అని బేరమాడింది. వీధిలో ఆడవాళ్ళు నవ్వినారు. తవుడు పోసి బిడ్డను ఎత్తుకొని వాళ్ళింటికి పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇది నా బిడ్డ. నువ్వు పాలిచ్చే దాదివి. బాగా సాకు. ఏమన్నా తేడా వస్తే నిన్నే అడుగుతా," అంది. నవ్వుతూ అన్నా, ఆ మాటకు నా గుండెలో భారం ఎంత దిగిందో చెప్పలేను. నా బిడ్డలను ఎత్తుకుపోయేవాడు ఎవడైనా ఉంటే, ఇంక వాడు ఈ ఇంట్లో వెతికినా ప్రయోజనం లేదు. ఈ ఇంట్లో నా బిడ్డ లేదు.

పేరు కూడా ఆమే పెట్టింది. హుసేనమ్మ. నువ్వు శారద అని రాసి పంపినావు, నాకు తెలుసు. కానీ కొన్నవాళ్ళదే పేరు. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసి మళ్ళీ మేము కొనుక్కొనేంతవరకు ఏం చేసినా లాలాబక్క మాటే చెల్లుతుంది. ఊరు దాటించడానికీ వీల్లేదట. అందుకే ఆదోనికి తీసుకరావడం కుదరదు.

నీ అల్లుడు ఏమంటాడంటే, "బేరం అయిపోయినాక సరుకు మీద మనకేం హక్కు ఉండాది? తవుడు వాపస్ ఇద్దామంటే బర్రె తినేసింది."

ఎన్నాళ్ళకో ఆ మనిషి నవ్వినాడు.

నీ దగ్గు ఎట్లా ఉంది? రాయి.

సుభద్ర

*

ఆదోని,
9 మే 1955

సుభద్రా,

నీ ఉత్తరం కూర్చొనే చదివినాను. తరువాత లేచి నిలబడి ఇంకోసారి చదివినాను.

నేను ఈ తాలూకాలో ఇంటింటికీ తిరిగి టీకాలు వేసినవాణ్ణి. బొడ్డుకు పేడ రాయకండమ్మా అని ఊరూరా అరిచినవాణ్ణి. అట్లాంటివాడి మనవరాలు తవుడుకు అమ్ముడుపోయింది. అది కూడా ఎవరికి? ఏ ఇంటి నూగు ఒక బిడ్డను మింగిందని చెప్పినానో ఆ ఇంటికే! వేరే ఇల్లు చూసుకోండి అంటే, బిడ్డనే ఆ ఇంటికి ఇచ్చినారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సుంకప్పకు చెబితే వాడు, "మంచి పని చేసినారు సామీ, మా చెల్లెల్ని కూడా అట్లే అమ్మినారు," అన్నాడు. నా మందులు నూరే చేతులవి!

సరే. జరిగింది జరిగింది. మీ ఇంట్లోకి నవ్వు వచ్చిందంటే దాన్ని చెరపడం నాకు ఇష్టం లేదు. అయితే, కొన్నావిడ మాటే చెల్లుతుందని నువ్వే రాసినావు కాబట్టి ఇకమీదట నా సలహాలు ఆవిడకే. ఈ కింది మాటలు లాలాబీకి చదివి వినిపించు.

అమ్మా లాలాబీ, బిడ్డను కొన్నావు, సంతోషం. కొన్నదాన్ని కాపాడుకోవడం కూడా నీ పనే. నీ భర్త విల్లు పెరట్లో పెట్టించు. ఈగలు వాలిన గుడ్డ బిడ్డకు వాడనీయకు. ఉగ్గులో నల్లమందు కలిపే ముసలమ్మలు మీ వీధిలో ఉంటారు, వాళ్ళను దగ్గరికి రానీయకు. అన్నిటికంటే ముఖ్యం, దగ్గే మనిషి ఎవరూ బిడ్డను ఎత్తుకోకూడదు, ముద్దు పెట్టకూడదు, ఆ గదిలోకే రాకూడదు. పసిబిడ్డకు ముద్దు పెట్టినంత తేలికగా రోగం అంటుతుంది. ఇది అన్నిటికీ పెద్ద కట్టు. దీన్ని తప్పనీయకు.

ఆవిడ ఏమన్నదో రాయి.

మీ నాయన

*

ఎమ్మిగనూరు,
19 మే 1955

నాయనా,

నీ ఉత్తరం లాలాబక్కకు చదివి వినిపించినాను. తలమీద కొంగు కప్పుకొని, నమాజు వేళ కూర్చొన్నట్టు కూర్చొని వినింది. "డాక్టరు సామి నాకే రాసినాడా? నా పేరు పెట్టి?" అని నాలుగుసార్లు అడిగింది. తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. ఆ రోజు నుంచి నీ మాట ఈ వీధిలో కోర్టు తీర్పు మాదిరి నడుస్తూ ఉంది.

ఆ సాయంత్రమే గఫూర్ మామ విల్లు పెరట్లోకి పోయింది. పెరట్లో నీడ లేదు. మామ ఎండలో ఏకుతూ, "బిడ్డను కొన్నది నువ్వు, ఎండేది నేనా?" అని సణిగినాడు. "నోరు మూసుకోని ఏకు. డాక్టరు సామి రాసినాడు," అంది ఆమె.

నీ అల్లుడికి జలుబు చేసింది. ఒక్కసారి తుమ్మినాడు, అంతే. మగ్గాల కొట్టంలో నూలు కట్టల మీద పక్క వేయించింది. "నా ఇంట్లో నాకే చోటు లేదా అక్కా?" అంటే, "ఇల్లు నీది, బిడ్డ నాది. పండుకో పో," అంది. గోనెగండ్ల నుంచి పెద్దత్త వచ్చింది, దగ్గుతూ వచ్చింది. గడపలోనే ఆపి, మజ్జిగ ఇచ్చి, బిడ్డను దూరం నుంచే చూపించి పంపింది. పెద్దత్త వీధి చివరిదాకా తిట్టుకుంటూ పోయింది.

ఆమెకు కొన్ని సందేహాలు వచ్చినాయి. నిన్ను అడిగి రాయమంది.

దగ్గేవాళ్ళు అంటే జ్వరం ఉన్నవాళ్ళేనా, ఊరికే దగ్గేవాళ్ళు కూడానా? దగ్గు పాతదైతే, అలవాటైపోయిందని ఆ మనిషే అంటే, అప్పుడు కూడానా? పెద్దవాళ్ళు, కాళ్ళకు దండం పెట్టవలసినవాళ్ళు వస్తే ఎట్లా? దుమ్ముకు వచ్చిందనో నూగుకు వచ్చిందనో చెప్పే దగ్గు ఏమీ చేయదా? దాన్ని ఎట్లా గుర్తుపట్టాలి?

బాగా ఆలోచించి రాయి నాయనా. నువ్వు ఏది రాస్తే ఈమె అదే చేస్తుంది.

బిడ్డ బాగుంది. పాలు తాగేటప్పుడు ఒక చేయి పైకెత్తి పెట్టుకొంటుంది, బసన్న కూడా అట్లే పెట్టుకొనేవాడు. ఆ చేయి చూసినప్పుడు మాత్రం ఇది అమ్మిన బిడ్డ అని నాకు గుర్తుండదు.

సుభద్ర

*

ఆదోని,
25 మే 1955

సుభద్రా,

లాలాబీ సందేహాలు చూసి సంతోషించినాను. చదువుకొన్నవాళ్ళు కూడా ఇంత తెలివిగా అడగరు. నా జవాబులు చదివి వినిపించు.

జ్వరం ఉన్నా లేకున్నా దగ్గు దగ్గే. పాత దగ్గయితే ఇంకా ప్రమాదం. నెలల తరబడి దగ్గుతూ, అలవాటైపోయిందని తిరిగేవాళ్ళే ఊళ్ళో రోగాలు పంచేది. పెద్దా చిన్నా తేడా లేదు. కన్నతండ్రి వచ్చినా, గురువు వచ్చినా, దేవుడే దిగివచ్చినా దగ్గితే బయటే నిలబెట్టమను. మర్యాద కోసం బిడ్డను పోగొట్టుకొన్నవాళ్ళను ఎందరినో చూసినాను. ఇక దుమ్ము దగ్గు, నూగు దగ్గు అని ఎవరైనా తమకు తామే చెప్పుకొంటే అసలు నమ్మవద్దని చెప్పు. ఛాతీ పరీక్ష చేయకుండా అది ఎవరికీ తెలియదు.

ఏరువాక పున్నమి ఈసారి ఆదివారం వచ్చింది. దవాఖానకు సెలవు. ఆ రోజు పొద్దుటి బస్సుకు వస్తున్నాను. తొట్టిలకు కొలత ప్రకారం దోమతెర కుట్టించినాను. మనవరాలిని ఇప్పటికి చూడలేదు. ఇక ఆగలేను.

మీ నాయన

*

ఆదోని,
6 జూన్ 1955

సుభద్రా,

నిన్న నీ ఇంటి గడప దగ్గర నాకు జరిగిన మర్యాద నా జన్మలో ఎక్కడా జరగలేదు. అర్ధరూపాయి ఫీజు ఎగ్గొట్టినవాళ్ళు కూడా నన్ను లోపలికి పిలిచి పీట వేస్తారు. కన్నకూతురి ఇంట్లో, దూదేకులవాళ్ళ ఆడమనిషి చేతులు అడ్డం పెట్టి నన్ను ఆపింది. వీధంతా చూసింది. ఈరన్న తల గోక్కుంటూ నిలబడినాడు. నువ్వు తలుపు వెనక ఉన్నావు. గాజుల చప్పుడు విన్నాను. ఒక్క మాట అనలేదు. బయటికి రాలేదు.

ఆవిడకు చదువు లేదు, అర్థం కాలేదు. నీకేమైంది? ఎవరికి రాసిన కట్టు ఎవరికి వేసినారు? నేను డాక్టర్ని!

దోమతెర గఫూర్ సాబు చేతికి ఇచ్చి వచ్చినాను. ఇకమీదట సలహాలు రాయను. మీ యజమానురాలినే అడుగు.

మల్లికార్జునయ్య

*

ఎమ్మిగనూరు,
10 జూన్ 1955

నాయనా,

గాజులు నావే. తలుపు వెనక ఉన్నది నేనే. బిడ్డ నా ఎదకు ఆనుకొని ఉంది.

నువ్వు బస్సు దిగి వీధి మలుపు తిరగక ముందే నీ దగ్గు వినిపించింది. నాకు అంత దూరం నుంచే తెలుస్తుంది. చిన్నప్పుడు నీ చెప్పుల చప్పుడు గుర్తుపట్టేదాన్ని, ఇప్పుడు దగ్గు. లాలాబక్క లేచి గడపలో నిలబడింది. ఆమెకు కూడా భయమే నాయనా, తలమీద కొంగు సర్దుకోవడం తలుపు సందులోంచి చూసినాను. అయినా నిలబడింది.

"సామీ, దగ్గుతాండావు," అంది.

"అది నూగు దగ్గమ్మా, నువ్వు తప్పుకో," అన్నావు నువ్వు.

"నూగు దగ్గని సెప్పేటోళ్ళను నమ్మొద్దని నువ్వే రాసినావు కదప్పా."

"నేను డాక్టర్ని!"

"అయితే ఇంకా మంచిదే. నీకు ఇడమరిచి సెప్పే పని లేదు. ఆ అరుగు మీద కూచో, బువ్వ ఆడికే పంపిస్తా."

వీధిలో ఎవరో నవ్వినారు. ఆ నవ్వు నీకు ఎంత గుచ్చుకొందో నాకు తెలుసు. లోపల నాకూ గుచ్చుకొంది. తలుపు తీయాలని గొళ్ళెం మీద చేయి వేసినాను. బిడ్డ ఆవులించింది. చేయి తీసేసినాను.

లాలాబక్కను తిట్టవద్దు. ఆమెకు ఏ సందేహమూ రాలేదు. పాత దగ్గు, అలవాటైన దగ్గు, నూగు దగ్గు, పెద్దవాళ్ళ దగ్గు అని అడిగింది నేను. ఆమె పేరు పెట్టి నేనే అడిగినాను. నా నోటితో నీకు చెబితే, నాలుగో తరగతి చదివినదానికి ఏం తెలుసు అంటావు. అందుకే నీ నోటితోనే చెప్పించుకొన్నాను.

నాకు మందుల సంగతి తెలియదు. బిడ్డలను చూడడం తెలుసు. శ్రావణంలో ఆదోని మిల్లులన్నీ ఆగి ఉన్నాయి. వానలకు గఫూర్ మామ విల్లు చూరుకు కట్టేసినాడు, ఆ నెలంతా వీధిలో ఒక్క పీచు ఎగరలేదు. ఆ నెలలోనే బసన్న మంచం పట్టినాడు. ఆ నెలలో కూడా నీ దగ్గు ఆగలేదు. వాడికి జ్వరం వదలలేదు, తల నిలబడలేదు, చివరికి ఫిట్సు వచ్చినాయి. ఉగాదికి వచ్చినప్పుడూ, వాడు మంచం పట్టినప్పుడూ రాత్రింబగళ్ళు నువ్వే ఎత్తుకొని తిరిగినావు. నీ కంటే ఎక్కువ ఎవరూ వాణ్ణి ఎత్తుకోలేదు. నేను కూడా.

వాడు పోయినాక గఫూర్ మామ మన ఇంటి ముందు తల వంచుకొని నడిచేవాడు. నువ్వు అన్న మాట ఆయన చెవిన పడింది. "నా దూదే పిల్లోన్ని తినేసినాదా సుబద్రా?" అని నన్ను అడిగినాడు ఒకసారి. ఆ మాటకు నేనేం చెప్పాలి? కాదంటే మరి ఎవరు అని అడుగుతాడు. బిడ్డను వాళ్ళకే ఎందుకు అమ్మినానో నీకు ఇప్పుడు తెలిసి ఉంటుంది. అడ్డం నిలబడే మనిషి కావాలి. కూతురు తండ్రికి అడ్డం నిలబడలేదు. కొన్నావిడ నిలబడగలదు.

నిన్ను తప్పుపట్టి రాయడం లేదు. నువ్వు వాణ్ణి చంపాలని ఎత్తుకోలేదు. నేను ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీ అల్లుడితో కూడా అనలేదు. నీతో కూడా అనకూడదనే ఇన్నాళ్ళూ తిరకాసు ఉత్తరాలు రాసినాను. నువ్వు నవ్వుకొంటూ జవాబులు రాసినావు. ఆ జవాబులు చదివేటప్పుడు నేను ఏడ్చినాను నాయనా. అంత బాగా రాసినావు.

నీ ఛాతీ ఎవరికైనా చూపించు. నీకు నువ్వు కాదు, ఇంకొకరికి. నాకు బిడ్డ ఎంతో నువ్వూ అంతే. నిన్ను కూడా ఎవరికైనా అమ్మి కాపాడుకోవచ్చంటే అమ్మేదాన్ని.

సుభద్ర

*

బళ్లారి,
12 జూలై 1955

అమ్మా సుభద్రా,

నెల తరువాత రాస్తున్నాను. ముందు రాసినవి చించేసినాను.

ఇక్కడ ఎక్స్‌రే తీయించుకొన్నాను. పటాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి నేనే చూసినాను. డాక్టరు నా కంటే చాలా చిన్నవాడు. చెప్పడానికి మొహమాటపడుతూ గొంతు సవరించుకొన్నాడు. నేనే చెప్పినాను అతనికి, కుడివైపు పైభాగంలో అని. క్షయ. చాలాకాలంగా ఉన్నదే. "మీకు నేను చెప్పేదేముంది సార్," అంటూనే నీళ్ళ దగ్గర నుంచి ఉమ్మి దాకా అంతా చెప్పినాడు. నేను తలాడిస్తూ కూర్చున్నాను. ఎవరైనా ఈ మాటలన్నీ చెబుతుంటే వినడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

మదనపల్లె దగ్గర శానిటోరియంలో చేరుతున్నాను. ఇప్పుడు మంచి సూదులు వచ్చినాయి, నయమవుతుంది. దవాఖాన తాళం సుంకప్ప దగ్గర ఉంది.

నువ్వూ ఈరన్నా వెంటనే ఎక్స్‌రే తీయించుకోండి. బిడ్డకు పరీక్ష చేయించి బి.సి.జి. టీకా వేయించండి. ఒక్క వారం కూడా ఆలస్యం వద్దు. దీనికి లాలాబీ ఒప్పుకోకపోతే కాళ్ళు పట్టుకొనైనా ఒప్పించు.

గఫూర్ సాబును విల్లు ముందు వాకిట్లోకే తెచ్చుకొమ్మను. ఆయనకు నేను వేరే ఉత్తరం రాసినాను, నువ్వే చదివి వినిపించాలి. వినిపించేటప్పుడు ఇంకెవరూ లేకుండా చూడు.

బసన్న గురించి ఇక్కడ రాయలేను. ఆ పటాన్ని చూసినప్పుడు వాడి నవ్వు వినబడింది. అంతే రాయగలను.

ఒక్కటి అడిగి రాయి. నేను బాగై వచ్చినాక బిడ్డను ఎప్పుడు చూడవచ్చునో లాలాబీని అడుగు. ఆవిడ ఎట్లా చెబితే అట్లా.

మీ నాయన

*

ఎమ్మిగనూరు,
14 ఆగస్టు 1955

నాయనా,

మాకెవరికీ ఏమీ లేదు. ముందు ఈ మాట రాసి తరువాత తక్కినవి రాస్తున్నాను. బళ్లారికి పోయి ఇద్దరమూ పటాలు తీయించుకొన్నాము. బిడ్డకు పరీక్ష చేసి, బాగుందన్నాక టీకా వేసినారు. లాలాబక్క ఊరు దాటనివ్వదేమో అనుకొంటే, తానే బిడ్డను ఎత్తుకొని ముందు బస్సెక్కింది. సూది గుచ్చేటప్పుడు బిడ్డ కంటే ఆమె గట్టిగా ఏడ్చింది. టీకా వేసే అమ్మాయి "తల్లివా?" అని అడిగితే, "కొన్నదాన్ని," అంది. ఆ అమ్మాయి పోలీసుకు చెబుతానని లేచింది. నీ అల్లుడు తవుడు సంగతంతా చెప్పి కూర్చోబెట్టేసరికి ఆదోని బండి పోయింది.

గఫూర్ మామకు నీ ఉత్తరం చదివినాను. ఎవరూ లేనప్పుడే. చివరిదాకా విన్నాడు. తరువాత, "డాక్టరు నాయనకు ఆడ సలి ఉంటాదంట కదా," అని, మంచి దూది ఏరి పరుపు కుట్టడానికి కూర్చొన్నాడు. వచ్చే వారం మదనపల్లె పోయే లారీలో వేస్తాడట. పరుపు వద్దనకు.

ఆ ఉత్తరం చదివినాక నాకు ఒక రాత్రి నిద్ర పట్టింది. బసన్న పోయినప్పటి నుంచి ఆ మాట నా ఒక్కదాని దగ్గరే ఉండేది. ఇప్పుడు నీ దగ్గర కూడా ఉంది. మోయడానికి ఇద్దరం ఉన్నాం. నీకు బరువు పెంచినానేమో తెలియదు. నాకు మాత్రం తగ్గింది.

నువ్వు అడిగిన మాట లాలాబక్కను అడిగినాను. ఒళ్ళో బిడ్డకు నూనె రాస్తూ ఉంది. రాయడం ఆపకుండానే చెప్పింది.

"రమ్మను. తాతే కదా, ఎవురు వద్దంటారు? బాగైనాదని డాక్టరు రాసిన కాయితం తెచ్చి సూపించి, ఎత్తుకోమను."

"ఆయనే డాక్టరు కదక్కా," అన్నాను.

"తను రాసుకొన్నది సెల్లదు. ఇంగో డాక్టరుతో రాయించుకోని రమ్మను."

నాకు నవ్వు ఆగలేదు. నువ్వు కూడా నవ్వుతావని రాస్తున్నాను, కానీ దగ్గు వచ్చేంత నవ్వకు. బిడ్డ బోర్లా పడుతూ ఉంది. తల బాగా నిలబెడుతూ ఉంది. నేను రోజూ అదే చూసుకొంటున్నాను.

సూదులు మానకు. ఆ కాగితం ఎప్పుడు ఇస్తే అప్పుడు తీసుకొని రా. తొందరపడి ముందు రావద్దు. నువ్వు వచ్చిన రోజు తలుపు నేనే తీస్తాను.

సుభద్ర